తీర్పు గెలిచారు సరే, ధిక్కారం రుజువు చేసేదెలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

కేరళలో మలంకర చర్చిలు ఎవరి చేతిలో ఉండాలని ఆర్థడాక్స్, జాకబైట్ అనే రెండు క్రైస్తవ వర్గాల మధ్య నడిచే గొడవ వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ జనం అనే మాట ఒకటే: సుప్రీంకోర్టు చెప్పినా వినని వాళ్లను లోపలెయ్యక ఇన్నేళ్ల నాన్చుడేంటి అని. కోపం న్యాయమైనదే. కానీ కోర్టు ధిక్కారం కేసు, అంటే కోర్టు ఉత్తర్వు మీరారని వేసే కేసు, అలా నడవదు. ఆ సంగతి తెలియకే మన దగ్గర కూడా చర్చి స్థలాల మీద కొట్లాడుకునే కమిటీలు కానుకల డబ్బు తీసుకెళ్లి ధిక్కార పిటిషన్లలో పోస్తున్నాయి.

2017 జూలై 3న సుప్రీంకోర్టు, మలంకర సభలోని వెయ్యికి పైగా పారిష్ చర్చిలు 1934 నాటి నియమావళి ప్రకారమే నడవాలని తేల్చింది. అది ఆర్థడాక్స్ వర్గం పాటించే నియమావళి, అంటే వాళ్లు గెలిచినట్టు. అయితే చాలా చోట్ల చర్చిలో కూర్చునే జనం జాకబైట్లు, తాళాలూ వాళ్ల దగ్గరే. 2019 సెప్టెంబరులో పిరవంలో వాళ్లు గేట్లు వేసుకుని లోపల కూర్చుంటే, హైకోర్టు జోక్యంతో అరెస్టులు జరిగాక గానీ తాళాలు కలెక్టర్ చేతికి రాలేదు.

అసలు చిక్కు ఎర్నాకుళం, పాలక్కాడ్ జిల్లాల్లోని ఆరు చర్చిల దగ్గర బయటపడింది. ఆర్థడాక్స్ వాళ్లకు పోలీసు రక్షణ ఇవ్వమని హైకోర్టు అంతకుముందే ఉత్తర్వులిచ్చింది, అవి అమలు కాలేదని వాళ్లు ధిక్కారం కేసు వేశారు. మేం వెళ్లాం, ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లూ అడ్డం కూర్చున్నారు, బలం వాడితే శాంతిభద్రతలు చెడిపోతాయి అన్నారు అధికారులు. 2024 ఆగస్టులో హైకోర్టు విసిగిపోయి చర్చిలను స్వాధీనం చేసుకోమని కలెక్టర్లకు చెప్పింది. డిసెంబర్ 3న సుప్రీంకోర్టు, జాకబైట్లు కావాలనే ధిక్కరించినట్టు పైకి కనిపిస్తోంది, తాళాలు అప్పగించండి అంది. అదే నెల 17న యథాతథ స్థితి, అంటే ఉన్నది ఉన్నట్టే ఉంచమంది. 2025 జనవరి 30న, కలెక్టర్లకు హైకోర్టు ఇచ్చిన ఆ ఉత్తర్వునే రద్దు చేసి, మళ్లీ మొదటి నుంచి చూడమని హైకోర్టుకే పంపింది. ఏడున్నరేళ్ల తర్వాత!

ఎందుకిలా అంటే, 1971 నాటి కోర్టు ధిక్కార చట్టంలో సివిల్ ధిక్కారం అంటే ఉత్తర్వును పాటించకపోవడం ఒక్కటే కాదు, కావాలని పాటించకపోవడం. శిక్ష ఆరు నెలల జైలు దాకా ఉంటుంది కాబట్టి క్రిమినల్ కేసులో లాగే అనుమానానికి తావు లేకుండా రుజువు చేయాలి, 2014లో రామ్ కిషన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. జుర్మానా మాత్రం రెండు వేల రూపాయలే, అది వేరే కామెడీ. ఏ ఉత్తర్వు, అందులో ఏ వాక్యం, ఫలానా మనిషికి అది అందిందా, అందాక తను ఏం చేశాడు, వేరే దారి ఉండి కూడా చేయలేదా అన్నవన్నీ తేలాలి. గేటు దగ్గర నాలుగు వందల మంది నిలబడితే అందులో ధిక్కరించింది ఎవరు? ఉత్తర్వు ఎవరి పేరు మీద ఉందో వాళ్లు వెనకుండి, పేరు లేని వాళ్లను ముందు నిలబెడితే ఇక అంతే సంగతులు. అధికారి అయితే ఒకసారి జీపులో వెళ్లొచ్చి రిపోర్టు రాసుకుంటాడు, 'ప్రయత్నించాను' అన్న ఆ కాగితం చాలు అనుమానం పుట్టడానికి.

నా అభిప్రాయం ఏంటంటే, ఇలాంటి వాటిలో తప్పు సగం ఉత్తర్వు రాసిన తీరులోనే ఉంది. 'తగిన రక్షణ కల్పించాలి' అని ఊరుకోకుండా, ఏ అధికారి, ఏ తేదీలోగా, ఏం చేసి, దాని మీద రిపోర్టు ఎప్పుడు ఇవ్వాలో రాస్తే తర్వాత తప్పించుకునే సందు ఉండదు. మన కింది కోర్టుల్లో 'స్టేటస్ కో' (యథాతథ స్థితి) ఉత్తర్వుల సంగతీ ఇంతే. ఆ రోజుకు తాళం ఎవరి దగ్గరుందో, పాస్టర్ క్వార్టర్స్‌లో ఎవరున్నారో రాయకుండా ఇచ్చేస్తే, రేపు గోడ కట్టిన వాడు కూడా ఇది ముందునుంచే ఉంది అంటాడు. అందుకే ఉత్తర్వు వచ్చిన వెంటనే అక్కడి పరిస్థితి చూసి కోర్టుకు రాసిచ్చే లాయర్‌ను, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను వేయమని అడగాలి. ఫోన్లో తీసిన వీడియో ఉంది కదా అని ధీమా వద్దు, చట్టం అడిగే సర్టిఫికెట్ లేకపోతే అది చెల్లుబాటు కావడం కష్టం. ఏడాది దాటితే ధిక్కారం కేసుకు గడువు అడ్డొస్తుంది, ఇది చాలామంది మర్చిపోతున్నారు.

ఇంకొకటి, డిక్రీ, అంటే సివిల్ కోర్టు తీర్పు ఉత్తర్వు, చేతిలో ఉన్నవాళ్లకు దాన్ని అమలు చేయించమని వేసే ఎగ్జిక్యూషన్ పిటిషన్ (ఈపీ) అనే దారి ఉంది. ఇంజంక్షన్ (ఫలానా పని చేయొద్దన్న లాంటి ఉత్తర్వు) మీరితే సివిల్ కోర్టే ఆస్తి జప్తు చేయగలదు, జైలుకూ పంపగలదు. అవతలి పెద్దమనిషిని కోర్టు బోనులో నిలబెట్టాలన్న పంతంతో ఆ దారి వదిలేసి హైకోర్టుకు పరిగెత్తే కమిటీలు, ముందు ఆ ఈపీ వేశారా లేదా అని తమ లాయర్‌ను అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఏలూరు