గేటు నుంచి 100 గజాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు లోపలి పేజీలో ఉన్నాయి. ఈ నెల నేను రాయదలచింది ఒక కొలత గురించి.

పోయిన వారం తొమ్మిదో తరగతి పిల్లలు టేపు పట్టుకుని మన గేటు నుంచి 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు, కొలిచారు. బడులకు అంత దూరం లోపల పొగాకు సరుకేదీ అమ్మకూడదని 2003 నాటి చట్టం చెబుతోంది. సందు మలుపులోని కిళ్ళీ కొట్టు 58 మీటర్ల దగ్గరే వచ్చేసింది. కొట్టాయన మన బడి పిల్లవాడి తండ్రే. కోప్పడలేదు. "తీసేస్తాను మేడమ్‌గారూ. కానీ సాయంత్రమైతే సిగరెట్ల కోసం నా దగ్గరకు వచ్చేది మీ పిల్లలే. నాన్న పంపాడంటారు" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

18 ఏళ్ళు నిండనివారికి అమ్మడమూ ఆ చట్టం ప్రకారం నేరమే. అమ్మినవారిని చట్టం అడుగుతుంది. పంపిన నాన్నలను నేనే అడగాలి కదా: దయచేసి పిల్లల చేతికి ఆ డబ్బులు ఇవ్వకండి.

మన తీరానికి ఇంకో చిక్కు కూడా ఉంది. "మా నానమ్మ చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుంటుంది, గాలికి ఆరిపోకుండా" అని ఏడో తరగతి అమ్మాయి ఒకరు వ్యాసంలో రాశారు. అడ్డపొగ అంటే అదే. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబడి, నడుమ ఎర్రటి చుక్కలు లేస్తాయి. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. విశాఖ ప్రాంతంలో ఈ సంగతిని ఖానోల్కర్, సూర్యాబాయి అనే పరిశోధకులు 1945లోనే రాశారు. తరువాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవారిని పరిశోధకులు ఏళ్ళ తరబడి పరిశీలించారు. నోరు తెరిపించి చూసి, ఎదురుగా కూర్చుని మానమని చెప్పారు. సినిమాలు, పోస్టర్లు, రేడియో కూడా వాడారు. అలా చెప్పించుకున్నవారిలో మానినవారు ఎక్కువగా, కొత్తగా నోటి మచ్చలు వచ్చినవారు తక్కువగా కనిపించారు. గోడ మీది హెచ్చరిక కంటే పక్కన కూర్చుని చెప్పిన మాటకే బలమెక్కువని నాకనిపిస్తుంది. ముప్పై ఏళ్ళుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని, ఈ మాట ఒప్పుకోవడం నాకు కొంచెం కష్టమే.

కాబట్టి ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ చుట్ట కాలుస్తుంటే వారిని ఎగతాళి చేయకుండా, ఒకసారి వెలుతురులో నోరు చూడండి. రెండు వారాలైనా మానని పుండు, మచ్చ ఉంటే విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కేజీహెచ్‌కు) తీసుకువెళ్ళండి. మానాలనుకునేవారికి సిగరెట్ ప్యాకెట్టు మీదే ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800-11-2356. ఈ-సిగరెట్లు 2019 నుంచి దేశమంతటా నిషేధం. పిల్లల సంచుల్లో పెన్నులాంటి వింత వస్తువేదైనా కనిపిస్తే నాకు చెప్పండి, గొడవ చేయను.

శనివారం ఉదయం ఎనిమిదింటికి 100 గజాల దగ్గర రోడ్డు మీద పసుపు గీత గీస్తున్నాం. రంగు డబ్బాలు కొన్నాం, బ్రష్షులు నాలుగే ఉన్నాయి. ఇంట్లో ఉంటే తెచ్చిపెట్టండి. కిళ్ళీ కొట్టాయన నిచ్చెన ఇస్తానన్నారు. నేల మీద గీతకు నిచ్చెన ఎందుకో అడగలేదు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు