తల్లిదండ్రులకు లేఖ: మలావీ వెళ్లొచ్చిన పిల్లలు, మన మేడమీది ట్యాంకులు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

మన ఏడో తరగతి విద్యార్థిని, నాలుగో తరగతి చదివే ఆమె తమ్ముడు దసరా సెలవుల్లో అమ్మానాన్నలతో ఆఫ్రికాలోని మలావీ దేశం వెళ్లి, ములాంజే కొండ దిగువన తేయాకు తోటల మధ్య ఒక పల్లె ఆసుపత్రిలో వైద్యురాలిగా ఉన్న తమ పిన్ని దగ్గర గడిపి వచ్చిన సంగతి మీకు తెలిసిందే. సోమవారం ప్రార్థన సమావేశంలో వారు మాట్లాడారు. ఆ రాత్రి పదకొండున్నరకు కూడా మీ వాట్సాప్ గ్రూపులో, అక్కడి నుంచి మలేరియా తెచ్చి ఉంటారని వారిని కొన్నాళ్లు బడికి రానివ్వకూడదన్న చర్చ సాగుతూనే ఉంది. మలేరియా పక్కన కూర్చుంటేనో, టిఫిన్ డబ్బా పంచుకుంటేనో అంటుకునే జబ్బు కాదు. ఇద్దరూ వైద్యులు చెప్పినట్టే నివారణ మాత్రలు వేసుకున్నారు, దోమతెరలో పడుకున్నారు, ఆరోగ్యంగా ఉన్నారు. బడికి వస్తారు.

వారి మాటలు మీరు విని ఉంటే బాగుండేది. అక్కడి తల్లులు బిడ్డను చితెంజె గుడ్డతో వీపుకు కట్టుకుని ఆసుపత్రికి ఎలా నడిచి వస్తారో అమ్మాయి ఎల్‌కేజీ గదిలోని బొమ్మతో చేసి చూపించింది. బిడ్డ బరువు, టీకాలు, జ్వరాలు అన్నీ రాసి ఉండే ‘హెల్త్ పాస్‌పోర్ట్’ అనే చిన్న పుస్తకం ప్రతి తల్లి చేతిలోనూ ఉంటుందట. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను మలేరియా పరీక్ష పట్టీ మీద వేశాక, జబ్బు ఉందని చెప్పే రెండో గీత వస్తుందేమోనని ఒక తల్లి పావుగంట సేపు దాన్నే చూస్తూ కూర్చుందని చెప్పినప్పుడు పదో తరగతి మగపిల్లల వరుసలో కూడా చప్పుడు లేదు. ఆసుపత్రి ఆవరణలో రోగుల బంధువులు మూడు రాళ్ల పొయ్యి మీద వండిన మొక్కజొన్న న్సిమాను తమ్ముడు తిని, “అచ్చం మా తాతమ్మ సంకటే, కాకపోతే తెల్లగా ఉంది” అని తేల్చాడు. వాడి పుణ్యాన నాలుగో తరగతి మొత్తం ఆయమ్మకు ‘జికోమో’ అంటూ ధన్యవాదాలు చెబుతోంది.

మలేరియా పేరు వింటే సికింద్రాబాద్ వాళ్లం దూరదేశాల వైపు చూడటం నాకు చిత్రంగా తోస్తుంది. దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని బ్రిటిష్ సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న చూసింది మన బేగంపేటలోనే. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టించుకున్న ఒక్కో దోమకు ఒక అణా చొప్పున పుచ్చుకుని ఆ పనికి తోడ్పడ్డాడు. 2019 ఏప్రిల్‌లో తొలి మలేరియా టీకాను మామూలు టీకాలతో పాటు పసిపిల్లలకు వేయడం మొదలైంది మలావీలో. ఏటా ఆగస్టు 20న తొమ్మిదో తరగతిని రాస్ భవనం దగ్గరికి తీసుకువెళుతున్నాను, సిలబస్‌లో లేదని ఎవరెంత గొణిగినా తీసుకువెళతాను. మన నగరాల్లో మలేరియాను మోసే స్టీఫెన్సై దోమ విమానమెక్కి రానక్కరలేదు, మూతలేని ట్యాంకులో పుడుతుంది. డెంగీ దోమకైతే కూలరు అడుగున మిగిలిన నీళ్లు చాలు. వారానికొకసారి వాటిని పారబోసి ఆరబెట్టండి.

ఇంట్లో నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో చూసి రాయమని పోయిన నెల పిల్లలకు ఇంటిపని ఇచ్చాం. చాలా పుస్తకాల్లో “మా ఇంట్లో ఎక్కడా నీళ్లు నిలవవు” అన్న ఒకే వాక్యం, పెద్దల గుండ్రని చేతిరాతలో వచ్చింది. మీ శ్రద్ధకు ధన్యవాదాలు. పిల్లల చేతిరాత మాకు బాగా తెలుసు. ఈ అమ్మాయి మాత్రం తమ ట్యాంకు మూత పగిలిందనీ, నాన్నగారు మూడు ఆదివారాలుగా “చూద్దాం” అంటున్నారనీ రాసింది. (ఆయన అనుమతితోనే చెబుతున్నాను. మూత మార్చారు.)

యూనిట్ పరీక్షల తేదీలు డైరీలో అంటించాం. మూడో నంబరు బస్సు సోమవారం నుంచి పది నిమిషాలు ముందే వస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు అక్కాతమ్ముళ్లు మళ్లీ మాట్లాడతారు, ఈసారి మీకోసం. రోగుల ఫొటోలు తీయవద్దని పిన్ని చెప్పారు కనుక కొండ, తోటలు, వంట పొయ్యిలు మాత్రమే చూపిస్తారు. గ్రూపులో అడిగిన ప్రశ్నలు వారినే అడగవచ్చు. ఇంటిపని పుస్తకాలు ఆ రోజే తిరిగి ఇస్తాం. ఈసారి పిల్లలనే రాయనివ్వండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు