గుర్తు భయంకరంగ ఉంటేనే చెడ్డదైతదా?

ఎడిటర్ గారికి నమస్తే,

మీ ఆదివారం అనుబంధంల సైన్స్ ఫిక్షన్ సినిమాల్ల విలన్ల జెండాలు, లోగోల మీద వచ్చిన వ్యాసం చదివిన. ఇసొంటి సబ్జెక్టు తెలుగు పేపర్ల రావుడే తక్కువ, అందుకు మస్తు థ్యాంక్స్, కానీ అందుల రాసిన ఒక మాట మాత్రం నాకు అస్సలు మింగుడు పడలే. నలుపు, ఎరుపు, పుర్రె, పాము, కోరలు ఇవి కనబడితే చాలు అది చెడుకు గుర్తు అని తేల్చేసిండ్రు. నేను హనుమకొండల ఫ్లెక్సీలు, లోగోలు డిజైన్ చేసి బతికేటోన్ని, పొద్దున లేస్తే గుర్తులతోనే పని, పోరగాండ్లు క్రికెట్ టీమ్ టీషర్టుల మీదికి స్టార్ వార్స్ అనే హాలీవుడ్ అంతరిక్ష సినిమాలల్ల విలన్ల సామ్రాజ్యం, ఎంపైర్ గుర్తు కావాలని ఫోన్ల చూపిస్తరు, అందుకే ఊకోలేక రాస్తున్న.

భయంకరమైన ముఖం అంటే చెడు అనేది మన దగ్గర చెల్లదు సార్. కాకతీయుల గుళ్ళల్లకు పోయి తలెత్తి చూడుండ్రి, కీర్తిముఖం ఉంటది, గుడ్లు బయటికొచ్చి, కోరలు పెట్టుకొని. దాని కథ ఏందంటే, శివుని మూడో కంట్ల నుంచి పుట్టిన ఆకలి భూతం అది, తినడానికి ఏం దొరక్కపోతే శివుడు నిన్ను నువ్వే తినుమన్నడు, అది కాళ్ళ కాడికెల్లి తినుకుంట వచ్చి ముఖం ఒక్కటే మిగిలింది, అప్పుడు శివుడు మెచ్చి నా గుడి వాకిట్ల ఉండుమన్నడు. మనం దాని కింది నుంచే లోపలికి పోయి దండం పెట్టుకుంటం. కొత్త ఇల్లు కడితే దిష్టిబొమ్మ కడ్తం, నాలుక బయటపెట్టి ఎంత వికారంగ ఉంటే అంత మంచిది. కాళికమ్మ మెడల పుర్రెల దండనే ఉంటది. మరి మీ వ్యాసం లెక్కన ఇవన్ని ఏ పార్టీ?

అదే ఎంపైర్ గుర్తు చూడుండ్రి. కోర లేదు, పుర్రె లేదు, పాము లేదు. ఒక గుండ్రం, లోపల ఆరు ఆకులు, మిషన్ పండ్లచక్రం లెక్క ఉంటది. కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ల కూసుంటే నాకు అయిదు నిమిషాల పని, ఒక్క రంగు చాలు, స్టెన్సిల్ పెట్టి కొడితే ఏ గోడ మీదికైనా, ఏ గ్రహం మీదికైనా ఎక్కుతది. నాకు భయం పుట్టించేది గా సాఫుతనమే. అది ఎవ్వల చెయ్యి గీసింది కాదు, ఎవ్వల చెయ్యి గీసినా ఒక్క తీరే వస్తది. ఆ కథల విలన్లు మేం చెడ్డోళ్ళం అనుకోరు కదా, మేం శాంతి తెస్తున్నం, క్రమం తెస్తున్నం అనుకుంటరు, అందుకే వాళ్ళ గుర్తు వాళ్ళ కండ్లకు నీటుగ, న్యాయంగ కనబడాలె. పుర్రె పెట్టుకొని తిరిగే ప్రభుత్వం ఏడన్న ఉంటదా అని అడగబోతే, హిట్లర్ నాజీ దళం ఎస్ఎస్ వాళ్ళ టోపీల మీద నిజంగనే పుర్రె ఉండె, అది వేరే సంగతి.

దానికి ఎదురు, ఎంపైర్ మీద తిరగబడ్డ రెబెల్ పైలట్ల హెల్మెట్లు చూడుండ్రి, ఒక్కోనిది ఒక్కో తీరు, గీతలు వేరే, రంగులు వేరే, ముఖం కూడ కనబడ్తది. ఎంపైర్ సిపాయి స్టార్మ్‌ట్రూపర్ది ముఖమే లేదు. అదే స్టార్ వార్స్ వరుసల 2015ల వచ్చిన ఫోర్స్ అవేకెన్స్ మొదట్ల ఒక సీన్ ఉంటది, మీ వ్యాసంల దాని ముచ్చటే లేదు. ఒక ఊరి మీద దాడి జరుగుతది, ఒక ట్రూపర్ తుపాకి దెబ్బకు పడిపోతడు, చచ్చిపోతా పోతా తన దోస్తు హెల్మెట్‌ను నెత్తురు చెయ్యితోని తడుముతడు, ఆ తెల్ల హెల్మెట్ మీద వేళ్ళ గీతలు పడ్తయ్. ఆ వందల మందిల మనం గుర్తు పట్టేది గా గీతలున్న ఒక్కన్నే ఇగ. వానికి పేరు కూడ లేదు, ఎఫ్ఎన్-2187 అని నంబరే, ఫిన్ అనే పేరు తర్వాత ఎదురు పక్షం పైలట్ ఒకడు పెడ్తడు. ఆ నెత్తురు గీతలే వాన్ని మనిషిని చేసినయ్, ఊరోళ్ళను కాల్చుమంటే కాల్చలేదు. డైరెక్టర్ ఒక్క డైలాగ్ లేకుండ గుర్తుతోని చెప్పిండు ఈ ముచ్చట.

అసలు ఎంపైర్ వాళ్ళ యూనిఫాంల తీరు చాన మటుకు ఏడికెల్లి వచ్చిందో అందరికి తెలిసిందే, నాజీల కాడికెల్లి. మన ఇండ్లల్ల గడప మీద పసుపు కుంకుమతోని అమ్మలు పెట్టే స్వస్తిక్, వాళ్ళ జెండా మీది గుర్తు ఒక్కటేనా అని పోరగాండ్లు నన్ను అడుగుతరు. వాళ్ళది ఏటవాలు ఉంటది మనది నేరుగ ఉంటది అని చెప్పి చేతులు దులుపుకుంటరు చాన మంది, నాకైతే అది సగం జవాబు కూడ అనిపించది. 1935 సెప్టెంబర్ల జర్మనీల నూరెంబర్గ్‌ల ఏం చేసిండ్రంటే, ఆ గుర్తు ఉన్న జెండానే దేశం జెండా అని చట్టం చేసిండ్రు, అదే రోజు యూదులకు పౌరసత్వం తీసేసిండ్రు, పైకెల్లి యూదులు ఆ జెండా ఎగరేయొద్దని కూడ చట్టంల రాసిండ్రు. అంటే ఎవడు లోపల, ఎవడు బయట అని గీత గీసుడే ఆ గుర్తు పని అయింది. గుర్తును చదువుడంటే వంకర టింకర చూసుడు కాదు, అది ఎవల్ని బయటికి నెట్టిందో చూసుడు.

ఇంకోటి. 1977 స్టార్ వార్స్ ఆఖరి సీన్‌ల మంచోళ్ళకు మెడల్స్ ఇస్తరు కదా, పెద్ద హాలు, రెండు పక్కల సైన్యం వరుసలు, నడుమల ముగ్గురు హీరోలు నడుచుకుంట వస్తరు. ఇది 1935ల వచ్చిన నాజీ ప్రచార సినిమాల హిట్లర్ ఇంకో ఇద్దరితోని సైన్యం వరుసల నడుమ నడిచే సీన్ లెక్కనే ఉందని విమర్శకులు ఎన్నడో చెప్పిండ్రు. నేను రెండు పక్కపక్కన పెట్టి చూసిన, ఒళ్ళు జలదరించింది. గెలిచినంక మంచోళ్ళు గూడ అదే తీరు వరుసల నిలబడితే మనం చప్పట్లు కొడ్తం, విలన్ల లోగో ఒక్కటే చూస్తే ఈ సంగతి దొరకది.

మన కల్కి 2898 ఏడీల అయితే లోగోతోని పనే లేదు, కాశీ మీద తలకిందుల పిరమిడ్ తీరు కాంప్లెక్స్ వేలాడ్తది, పచ్చదనం అంత పైన, దుమ్ము అంత కింద, ఆ ఆకారమే జెండా.

ఇగ నాకు మస్తు బాధ పెట్టేది చెప్త. చెడ్డోళ్ళను గీయాలంటే పరాయోళ్ళ వేషం అరువు తెచ్చుకునుడు ఈ సైన్స్ ఫిక్షన్‌కు పాత అలవాటు. 1934ల మొదలైన ఫ్లాష్ గోర్డన్ కామిక్‌ల విలన్ మింగ్, మోంగో గ్రహం రాజు, పేరుకు వేరే గ్రహపోడు గని గీసింది మాత్రం చైనా మనిషి లెక్క, సన్నటి మీసం, పొడుగు అంగీ. మనోళ్ళు కూడ తక్కువ తినలే. సైన్స్ ఫిక్షన్ కాకపోయినా, 2015 బాహుబలిల కాలకేయులను చూడుండ్రి, ఒంటికి నల్లరంగు, ఎవ్వలకు అర్థం కాని భాష, అడవి మనుషుల లెక్క వేషం. మేడారం పోయే తొవ్వల బతికే కోయోళ్ళ పిల్లగాడు అది చూసి ఏమనుకోవాలె? మేడారం కథల చూస్తే పన్ను కట్టమని సైన్యం పట్టుకొని వచ్చింది కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు, ఎదురు నిలబడ్డది కోయోళ్ళ సమ్మక్క, సారలమ్మ, జంపన్న. మన వరంగల్‌ల కాకతీయ తోరణం మనకు గర్వం, నాక్కూడ గర్వమే, 2024ల రాష్ట్ర చిహ్నంల నుంచి తీసేస్తరంటే ఇది రాచరికం గుర్తని ఒకలు, మా ఉనికి అని ఇంకొకలు ఎంత గొడవైందో అందరం చూసినం. కానీ ఆ సమ్మక్క కథను మేడారం గద్దెల కాడ నిలబడి వింటే ఎంపైర్ ఎవలది? ఆ గద్దెల మీద విగ్రహం లేదు, జెండా లేదు, సమ్మక్క కుంకుమ భరిణె రూపంల చిలకలగుట్ట నుంచి వస్తది. కోట్ల మందికి అంతే చాలు.

మీ వ్యాసానికి రెండో భాగం వస్తదని కింద వేసిండ్రు. అందుల దయచేసి గిట్ల చెయ్యుండ్రి. రంగులకు అర్థాల పట్టిక తీసేయుండ్రి, నలుపంటే చెడు అని మళ్ళ ప్రింట్ చెయ్యకుండ్రి. చేర్యాల నకాశీ కళాకారులను అడుగుండ్రి, చింతగింజల గంజి పట్టించిన గుడ్డ మీద ఎర్ర రంగు నేపథ్యంల రాక్షసున్ని ఎట్ల గీస్తరో, ఒక్కొక్క రాక్షసునికి మీసం, కండ్లు ఎందుకు వేరే వేరే పెడ్తరో, వాళ్ళు చెప్పేది ఏ ఫిల్మ్ స్కూల్ల కూడ దొరకది. ములుగు దిక్కు కోయ పిల్లలను కూడ అడిగి రాయించుండ్రి, తెర మీద తమ తీరు మనుషులు ఎప్పుడూ రాక్షసుల పక్కనే ఎందుకు నిలబడ్తున్నరో వాళ్ళకు ఏమనిపిస్తదో. పేజీ సరిపోకపోతే నా ఉత్తరం కట్ చేసుకోండ్రి గని వాళ్ళ మాట మాత్రం కట్ చెయ్యకుండ్రి.

ఇట్లు,
ఒక ఫ్లెక్సీ డిజైనర్,
హనుమకొండ