శాలిహుండం కొండ మీద చరిత్ర చెప్పే మనిషి కావాలి

శ్రీకాకుళం జిల్లా కలెక్టరు గారికి,

నమస్కారం. మాది గార మండలం శాలిహుండం. వంశధార ఒడ్డున కొండను ఆనుకున్న ఊరు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం కొండ మీద ఒకాయన నన్ను ఆపి, "ఈ గుండ్రటి ఇటుకల కట్టడం ఏమిటండీ?" అని అడిగారు. స్తూపం అన్నాను. "స్తూపమంటే?" అన్నాడు వాళ్ళబ్బాయి. ఆ పిల్లవాడికి అర్థమయ్యేట్టు నాలుగు మాటలు చెప్పలేకపోయాను. పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, ఆ ఇటుకల పక్కనే పశువుల్ని మేపినవాణ్ణి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను. క్రీస్తు పుట్టక ముందు నుంచి 12వ శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధులు ఉన్నారట. తవ్వకాల్లో స్తూపాలు, అంటే అస్థికల మీద గుండ్రంగా కట్టిన దిబ్బలు, చైత్యగృహాలు, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరాలు బయటపడ్డాయి. తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు కూడా దొరికాయి. బుద్ధుడి గుర్తుగా స్తూపానికి మొక్కిన రోజుల నుంచి దేవతల్ని కొలిచిన వజ్రయానమనే బౌద్ధ శాఖ దాకా, అంతా ఈ ఒక్క కొండ మీదే జరిగింది. పైకెక్కి చూస్తే వంశధార సముద్రం వైపు సాగిపోతూ కనిపిస్తుంది. ఆ నది కడలిలో కలిసే చోటే ఒకప్పటి కళింగపట్నం రేవు. ఓడల మీద వర్తకులూ యాత్రికులూ వచ్చిన రేవుకు ఇంత దగ్గరగా, భిక్షువులుండే ఈ విహారాలు ఎందుకు వెలిశాయో అక్కడ నిలబడితే ఎవరికైనా తెలుస్తుంది.

ఊరి పేరు గురించీ రెండు మాటలు వినిపిస్తాయి. శాలివాటిక, అంటే ధాన్యం ఉండే చోటు అని కొందరు. శల్యపేటిక, అంటే అస్థికల పెట్టె అని కొందరు. నా మనసు రెండోదాని వైపే మొగ్గుతుంది.

ఈ కొండను 1919లో లోకానికి చూపించింది గిడుగు రామమూర్తి పంతులు గారు. ఆయన మన జిల్లా మనిషే. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. బడిలో పిల్లలకు జనం మాట్లాడే తెలుగులో చదువు చెప్పాలని జీవితమంతా పోరాడారు. అలాంటి మనిషి చూపించిన కొండ మీద, నేను వెళ్ళిన ప్రతిసారీ, ఆ తెలుగులో చెప్పేవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. ఇది నాకు చాలా బాధగా ఉందండీ.

కొండ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉందని తెలుసు. కట్టడాల జోలికి వెళ్ళమని అడగడం లేదు. మా ఊళ్ళో డిగ్రీ చదివి, పని కోసం విశాఖకో హైదరాబాదుకో బయల్దేరుతున్న పిల్లలున్నారు. వాళ్ళలో ఇద్దరికి చరిత్ర చెప్పే మాస్టారి చేత శిక్షణ ఇప్పించండి. పురావస్తు శాఖ వాళ్ళతో మాట్లాడి, ఆ ఇద్దర్నీ కొండ మీద గైడ్లుగా పెట్టించండి. జీతం పెద్దది కానక్కర్లేదు, నెలనెలా అందితే చాలు.

ఆగస్టు 29 గిడుగు వారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఈ ఏడాది ఆ ఉదయం మా కొండకు రండి. ఆ స్తూపాల కథ మా పిల్లలు మీకు చెప్తారు.

ఇట్లు,
శాలిహుండం గ్రామస్థుడు