సిమెంటు స్తంభం కట్టిన చెక్కపని మాస్టారు

చిన్నీ,

"సిమెంటు స్తంభం చూడ్డానికి పనిగట్టుకుని వెళ్లారా?" అని ఫోన్లో నవ్వావు కదా. అప్పుడు పక్కన అందరూ ఉన్నారని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను, విను.

అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలో అన్నయ్య వాళ్లుండే తుల్సా నుంచి, రూట్ 66 అనే పాత రహదారి మీద ఈశాన్యంగా వెళితే ఫోయిల్ అనే చిన్న ఊరు వస్తుంది. 1928లో లాస్ ఏంజిలిస్ నుంచి న్యూయార్క్ దాకా సాగిన పరుగుపందెం గెలిచిన ఆండీ పేన్ ఆ ఊరివాడేనట. అక్కడి నుంచి తూర్పుకి నాలుగు మైళ్లు పోతే ఎడ్ గాలోవే టోటెమ్ పోల్ పార్క్. టోటెమ్ పోల్ అంటే ఆదివాసులు మాను మీద బొమ్మలు చెక్కి నిలబెట్టే స్తంభం. మేం చూసింది ఆ తీరులో గాలోవే సిమెంటుతో కట్టినదాన్ని. టికెట్ లేదు. ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

ఈ గాలోవే 1880లో మిస్సోరీలో పుట్టాడు. అసలు విద్య చెక్కపని. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరగబోయే పెద్ద ప్రదర్శన కోసం దుంగలతో బొమ్మలు చెక్కి పెట్టుకుంటే, అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోయాయి. ఒకే చెట్టు మానులోంచి చెక్కిన ‘బోనులో సింహం’ బొమ్మ మాత్రం మిగిలింది. ఆ తర్వాత తుల్సా దగ్గర సాండ్ స్ప్రింగ్స్‌లో, చార్లెస్ పేజ్ అనే సంపన్నుడు నడిపే అనాథాశ్రమంలో పిల్లలకు చెక్కపని నేర్పే మాస్టారుగా చేరి 20 ఏళ్లకు పైగా పనిచేశాడు. నేనూ క్రాఫ్ట్ టీచర్‌నే కాబట్టి ఈ ముక్క వినగానే ఆయన మీద అభిమానం పుట్టింది. దాచడమెందుకు!

1937లో రిటైరై ఫోయిల్ దగ్గరికి మకాం మార్చాడు. అప్పటికి వయసు 57. మీ నాన్న రిటైరైన దగ్గర్నుంచి పొద్దున పేపరు, సాయంత్రం టీవీ. ఈయన ఆ ఏడాదే స్తంభం మొదలుపెట్టి 1948 దాకా కడుతూనే ఉన్నాడు. దాదాపు ఒంటిచేత్తో కట్టాడంటారు. ఎత్తు 90 అడుగులు. 28 టన్నుల సిమెంటు, 6 టన్నుల ఉక్కు, 100 టన్నుల ఇసుకా రాయీ పట్టాయట. ఈ లెక్కలు వినగానే మీ నాన్నలోని ఇంజనీరు నిద్ర లేచాడు. చుట్టూ తిరిగి పగుళ్లు వెతకడం మొదలుపెట్టారు. మీ వదిన ఒకటే నవ్వు.

స్తంభం అడుగున పెద్ద తాబేలు ఉంటుంది. అక్కడే నేలలో ఉన్న ఇసుకరాతి బండని తాబేలుగా మలిచి, దాని వీపు మీద స్తంభం లేపాడు. ఒంటి నిండా బల్లులు, గుడ్లగూబలు, ఈకల కిరీటాల మనుషులు, అన్నీ కలిపి 200 దాకా బొమ్మలు. పైకంటా నాలుగు దిక్కులకు నలుగురు ఆదివాసీ నాయకుల రూపాలు. బొమ్మలన్నీ ఉబ్బెత్తుగా తేలి ఉన్నాయి. సిమెంటులోనూ చెక్కపనివాడి చెయ్యి తెలిసిపోతోంది. లోపల బోలు. గోడల మీద మళ్లీ రంగుల చిత్రాలు.

"ఓక్లహోమాలో టోటెమ్ స్తంభమేమిటి?" అని నువ్వు అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. టోటెమ్ స్తంభాలు ఓక్లహోమావి కావు. ఎక్కడో పసిఫిక్ వాయవ్య తీరంలో హైడా, ట్లింగిట్ లాంటి జాతులు సీడర్ మాను మీద తమ వంశాల కథలు చెక్కుకునేవి అవి. ఈయన పుస్తకాల్లోనో పోస్టు కార్డుల మీదో బొమ్మలు చూసి తనకు నచ్చినట్టు కలిపేశాడు. కాబట్టి దీన్ని ఆ జాతుల కళగా చూడకు, ఒక ముసలాయన ఊహగానే చూడు. నాకింకోటి విచిత్రంగా అనిపించింది. ఆ తీరంలో స్తంభం వానకు నాని పుచ్చి ఒరిగితే, పాత పద్ధతిలో దాన్ని అలాగే పడిపోనిచ్చేవారట. కావాలంటే కొత్తది చెక్కుకునేవారు. చెక్క గుణం తెలిసిన ఈ మాస్టారు మాత్రం ఆరుబయట పని అనేసరికి సిమెంటు పట్టుకున్నాడు. ఒకసారి అన్నీ కాలిపోయినవాడు కదా, పోని వస్తువే కావాలనుకున్నాడేమో. ఇది నా ఊహ.

సిమెంటుదైనా అదీ చెక్కుచెదరకుండా ఉండలేదు, చూడు. 1962లో ఆయన పోయాక స్తంభం ఎండకీ వానకీ మిగిలిపోయింది. పగుళ్లలోంచి నీళ్లు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుందనీ, తుప్పు ఉబ్బి సిమెంటుని బయటికి తోస్తుందనీ మీ నాన్న అక్కడే నాకో క్లాసు తీసుకున్నారు. రంగులైతే చెప్పనే అక్కర్లేదు. 1988 నుంచి 1998 దాకా కాన్సాస్ నుంచి ఒక జానపద కళల సంఘం వాళ్లు వచ్చి బాగుచేశారు. ఇప్పుడు రోజర్స్ కౌంటీ చరిత్ర సంఘం చూసుకుంటోంది. 1999లో జాతీయ చారిత్రక స్థలాల జాబితాలోనూ చేరింది. ఒక్కడు 11 ఏళ్లలో కట్టినదాన్ని నిలబెట్టడానికి ఇంతమంది కావలసి వచ్చారు.

నన్నడిగితే స్తంభం కన్నా పక్కనున్న 11 మూలల ఫిడేలు ఇల్లు గొప్పది. ఆయన చేత్తో చేసిన ఫిడేళ్లు అందులో 300 దాకా ఉండేవట, రకరకాల చెక్కలతో. చాలావాటిని దొంగలు ఎత్తుకుపోయారు, మళ్లీ దొరకలేదు. మిగిలినవి గోడకి వేలాడుతుంటే దగ్గరికెళ్లి చూశాను. చెక్కలో చెక్క పొదిగిన ఆ నగిషీ సిమెంటులో ఎక్కడొస్తుంది!

ఇదంతా ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. బడి గోడ మీద నువ్వేసిన బొమ్మకి వాళ్లు సున్నం కొట్టేశారని తెలిసినప్పటి నుంచీ బ్రష్ పట్టుకోలేదట, అన్నయ్య చెప్పాడు. కోపం ఉండాల్సిందే, నాకూ ఉంది. కానీ మళ్లీ ఎవరైనా గోడ ఇస్తామంటే వద్దనకు. పని మొదలెట్టకముందే ఆ గోడని తర్వాత ఎవరు చూసుకుంటారో, రంగు వెలిస్తే ఎవరు వేయిస్తారో అడుగు. వీలైతే కాగితం మీద రాయించుకో. ముందు గోడకి చెమ్మ ఉందో లేదో చూసుకోమని మీ నాన్న మరీ మరీ రాయమన్నారు. చెమ్మ గోడ మీద ఎంత ఖరీదైన రంగైనా పెచ్చులూడుతుందట.

ఫోటోలు అన్నయ్య పంపుతాడు. తాబేలుది ముందు చూడు.

అమ్మ