మలేరియా రిపోర్టులో ఆ ఒక్క మాట రాయండి

సంపాదకులకు,

మలేరియా రిపోర్టులు చాలావరకు 'పాజిటివ్, ఫాల్సిపారం' అన్న ముక్కతో ముగుస్తాయి (ఫాల్సిపారం మలేరియా పరాన్నజీవుల్లో ఒక రకం). రక్తపూతలో (గాజుపలక మీద పూసిన రక్తంలో) గామిటోసైట్లు, అంటే పరాన్నజీవి ఆడ, మగ రూపాలు, ఉన్నాయో లేదో రాయరు. దోమ ద్వారా పక్కవాడికి అంటుకునేది ఆ గామిటోసైట్ల వల్లే.

పరాన్నజీవి ఎర్రకణాల్లో పెరిగి 48 గంటలకోసారి వాటిని పగలగొడుతుంది. చలి, జ్వరం అందుకే. ఆ గుంపులో కొన్ని మాత్రం దారి మార్చి ఆడ, మగ రూపాలవుతాయి. దీనికి మీట ఏపీ2-జి అనే జన్యువు. మామూలుగా హెచ్‌పీ1 ప్రొటీను దాన్ని మూసి ఉంచుతుంది. జీడీవీ1 అనే మరో ప్రొటీను ఆ మూత తీస్తే ఏపీ2-జి లేచి మిగతా జన్యువులను పనిలో పెడుతుంది.

ఫాల్సిపారంలో ఇవి ముదరడానికి 10-12 రోజులు పడుతుంది. అందాకా ఎముక మూలుగలో దాక్కుంటాయి కాబట్టి మొదటి రోజు పూతలో కనబడకపోవచ్చు. ముదిరాక అరటిపండు ఆకారంలో రక్తంలోకి వస్తాయి, జ్వరం మాత్రం తెప్పించవు. ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మలేరియా మందు) మాత్రలు లేతవాటిని చంపుతాయి గానీ ముదిరినవాటి మీద పెద్దగా పనిచేయవు. మనిషి కోలుకుని కర్నూలు బజారులో తిరుగుతుంటాడు, అనాఫిలిస్ దోమ కుడుతుంది. దోమ కడుపులో చల్లదనం తగలగానే పావుగంట అటూఇటూగా ఒక్కో మగకణం నుంచి 8 వరకు బీజకణాలు విడివడతాయి. ఆడకణమైతే పి25 ప్రొటీను తయారీ సూచన అయిన ఎంఆర్‌ఎన్‌ఏను మన ఒంట్లోనే సిద్ధం చేసుకుని, దోమలోకి చేరాకే వాడుకుంటుంది. సద్ది కట్టుకుని బయల్దేరినట్టే!

దీన్ని ఆపేది ప్రైమాక్విన్. ఫాల్సిపారానికి చికిత్స రెండో రోజున ఒకే మోతాదు, కిలో బరువుకు 0.75 మి.గ్రా. పెద్దలకు 45 మి.గ్రా., అంటే 7.5 మి.గ్రా. బిళ్లలు ఆరు. 'ఒక్కసారే ఆరా?' అని జడిసి మానేస్తారు, లేదా పరగడుపున వేసుకుని కడుపునొప్పితో అవస్థపడతారు. తిన్నాకే వేసుకోవాలి. గర్భిణులకు, ఏడాది నిండని పిల్లలకు ఇవ్వకూడదు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్నవారికి రక్తకణాలు చితికిపోతాయి. మూత్రం నల్లబడితే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వైవాక్స్ అనే మరో రకం మలేరియాకు ఇదే మందు 14 రోజులు, రోజుకు కిలోకు 0.25 మి.గ్రా. అది కాలేయంలో నిద్రపోయే రూపాల కోసం. రెండు లెక్కలూ కలిపేయొద్దు.

ల్యాబులవారికి ఒక మనవి. మందపాటి పూతలో కనీసం 100 ఫీల్డులు (సూక్ష్మదర్శినిలో ఒకసారికి కనిపించే మేర ఒక ఫీల్డు) చూడనిదే నెగెటివ్ అనొద్దు. గామిటోసైట్లు కనిపిస్తే ఆ మాట విడిగా రాయండి. చికిత్స తర్వాత కిట్‌తో పరీక్షిస్తే పరాన్నజీవి విడిచే హెచ్‌ఆర్‌పీ2 ప్రొటీను వారాల తరబడి రక్తంలో మిగిలి పాజిటివ్ చూపిస్తుంది. అప్పుడు నమ్మాల్సింది సూక్ష్మదర్శినినే.

- ఒక మైక్రోబయాలజీ అధ్యాపకుడు, కర్నూలు