పెద్దబండి బరువు మేమే తప్పు చెప్పాం

కార్తీకం దగ్గరపడింది. వనభోజనాలకు క్యారవాన్, అదే కారు వెనక తగిలించుకుని వెళ్ళే చక్రాల ఇల్లు, అద్దెకు కావాలని రోజూ నాలుగైదు ఫోన్లు వస్తున్నాయి. మా దగ్గరున్న మూడింట్లో పెద్దదైన పెద్దబండి ఇవ్వట్లేదంటే, "అదేంటండీ, షెడ్డులోనే ఉంది కదా, మొన్న వస్తూ చూశాం" అంటున్నారు. నిజమే, షెడ్డులోనే ఉంది. ఎందుకు ఇవ్వట్లేదో ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్తుంటే ఒక్కోసారి ఒక్కోలా వస్తోంది. అందుకే ఇలా రాస్తున్నా.

మమ్మల్ని ఎరగనివాళ్ళకు రెండు ముక్కలు. మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో హైవే పక్కన వెల్డింగ్ షెడ్డు. నాన్నగారు సాలూరులో లారీ బాడీలు కట్టడం నేర్చుకుని, ఘాటెక్కి ఇటొచ్చి స్థిరపడ్డారు. మాకు కూడు పెట్టేది ఇప్పటికీ ట్రాక్టర్ తొట్టెలే. సరదాకి కట్టిన ఒక క్యారవాన్ మూడైంది. ఇంట్లో పిల్లల్ని పిలిచినట్టే వాటిని పిల్లబండి, నడిపిబండి, పెద్దబండి అంటాం. కారుకు తగిలించుకుని దేవమాలి కొండకో, గుప్తేశ్వరానికో, అరకుకో వెళ్ళి రెండు రాత్రులు ఉండి వస్తారు.

దసరా సెలవుల్లో ఒక మాస్టారి కుటుంబం పెద్దబండి తీసుకుంది. సుంకి ఘాట్ దిగి, సాలూరు మీదుగా భీమిలి వెళ్ళాలని వాళ్ళ ప్లాన్. బయల్దేరే ముందు ఆయన సరైన ప్రశ్నే అడిగారు: "బండి బరువెంతండీ?" నేను చేతిలో పని ఆపకుండానే "ఆరొందల నలభై" అన్నాను. ఆయన కారు ఆర్‌సీలో ఖాళీ బరువు 1,150 కిలోలు. సగం కంటే కాస్త ఎక్కువే కదా, పరవాలేదనుకుని తగిలించుకున్నారు.

గంటన్నర తర్వాత ఫోన్ చేశారు. గొంతు వణుకుతోంది. "మీ బండి తోక ఊపుతోందండీ. కారును కూడా అటూ ఇటూ లాగేసింది." ఘాట్‌లో మలుపు దాటాక, తిన్నగా ఉన్న దిగుడులో కారు 60కి చేరిందట. వెనక బండి మెల్లగా ఊగడం మొదలుపెట్టి, రెండు మూడు ఊపుల్లోనే రోడ్డంతా తనదే అన్నట్టు తిరిగింది. ఆయన అదృష్టమో, మా అదృష్టమో, భయంతో సడన్ బ్రేక్ కొట్టలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నారు. చేయాల్సింది సరిగ్గా అదే. స్పీడు తగ్గాక ఊపు ఆగింది. ఎదురుగా లారీ రాలేదు. ఎవరికీ గీత కూడా పడలేదు. వెనక సీట్లో మాత్రం ఆయన అత్తగారు చాలాసేపు మాట్లాడలేదట.

మా కుర్రాళ్ళు బొలెరోలో వెళ్ళి బండిని పైకి తెచ్చారు. అందులోంచి ఒక్క సామానూ దించనివ్వకుండా ముందు లారీలు తూచే ధర్మకాటా ఎక్కించాను. స్లిప్పులో 1,010 కిలోలు అని వచ్చింది. కాటా అబ్బాయి నన్ను చూసి నవ్వాడు. ట్రాక్టర్ తొట్టెలు కట్టేవాడివి, నీకు బరువు తెలీదా అన్నట్టు.

ఆరొందల నలభై వెయ్యి పది ఎలా అయింది? మొదటి సంగతి, 640 అన్నది బండి కొత్తగా కట్టినప్పటి లెక్క. ఆర్‌సీలో ఉన్నదీ అదే. ఆ తర్వాత రాత్రి ఫ్యాన్ తిరగాలని ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ పెట్టాం. ఆ రెండే దగ్గర దగ్గర 70 కిలోలు. పక్కన పందిరిలా లాగే గుడ్డ, దాని పైపులు ఇంకో 20. ఎవరో అడిగారని ప్లైవుడ్ బీరువా, 30. ఒక్కొక్కటీ పెట్టినప్పుడు ఇదెంత బరువులే అనుకున్నాం. సామాను దించాక మళ్ళీ తూస్తే ఖాళీ బండే 760 ఉంది. నా నోట్లో మాత్రం పాత అంకే ఉండిపోయింది.

మిగతా 250 సంసారం బరువు. ఇందులో మాస్టారి తప్పేం లేదు. వాడుకోవడానికే కదా బండి ఇచ్చింది. నీళ్ళ ట్యాంకు 60 లీటర్లు, అంటే 60 కిలోలు. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు రెండు. వంట గ్యాస్ బండలో గ్యాస్ 14.2 కిలోలే అయినా ఇనుముతో కలిపి 30 దాకా తూగుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా. ఇవే 155 అయ్యాయి. పరుపులు, గిన్నెలు, కుర్చీలు, బట్టలు, చివరికి టేబుల్‌టాప్ గ్రైండర్ కూడా. (భీమిలిలో ఇడ్లీ దొరకదా అని అడగబోయి ఊరుకున్నాను.) ఆర్‌సీ ప్రకారం ఆ బండి నిండు బరువు 1,000 దాటకూడదు. అంటే మాస్టారు తనకు తెలియకుండానే చట్టం కూడా దాటారు. దాటించింది మేము.

బరువొక్కటే అయితే బండి అంతగా ఊగేది కాదు. ఆ బరువు ఎక్కడుందన్నది ఇంకా పెద్ద తప్పు. అదీ మాదే. ఎడ్లబండి తోలినవాళ్ళకు ఈ సంగతి చెప్పక్కర్లేదు. వెనక బరువైతే కాడి ఎద్దుల మెడ మీంచి పైకి లేస్తుంది. ముందు మరీ బరువైతే మెడలు కందిపోతాయి. క్యారవాన్‌కీ అంతే. దాని ముక్కు కారు కొక్కెం మీద కొంత బరువుతో కూర్చోవాలి, నిండు బరువులో 5 నుంచి 7 శాతం. వెయ్యి కిలోల బండికి 50 నుంచి 70. అంతకు తగ్గితే వెనక బండి ఊగుతుంది. మరీ ఎక్కువైతే కారు వెనక కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

తలుపు తీయగానే వంటిల్లు ఉంటే బాగుంటుందని అందరూ అడిగారని, పెద్దబండిలో వంటగట్టు, ట్యాంకు, గ్యాస్, బ్యాటరీ అన్నీ వెనక చివర పెట్టాను. ఆ రోజు మా ఇంట్లో బరువు చూసుకునే మిషన్ తెచ్చి, దాని మీద చెక్కముక్క నిలబెట్టి, బండి ముక్కును దాని మీదకు దించాం. ముల్లు 22 దగ్గర ఆగింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ దించాం. 22. వెయ్యి కిలోల బండి, కొక్కెం మీద మా చిన్నమ్మాయంత బరువు.

ఈ పని మీరూ చేసుకోవచ్చు. చెక్కముక్క మాత్రం కొక్కెం ఎత్తుకు సరిపడా ఉండాలి, బండి నేలకు సమంగా నిలబడాలి. ధర్మకాటా మీద ఇది తేలదు, మా ఊరి కాటా పది కిలోల మెట్టుకోసారే అంకె మారుస్తుంది.

ఇప్పుడు మా షెడ్డులో జరుగుతున్న పని ఇది. ట్యాంకును, బ్యాటరీని ఇరుసు మీదకు, నేల మట్టానికి దించుతున్నాం. బీరువా తీసేశాం. కాగితాల్లో పాత బరువు ఉన్నంతవరకూ పెద్దబండి బయటికి వెళ్ళదు. 1988 మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. మార్పులన్నీ చూపించి ఆర్‌సీ సరిచేయించుకోవాలి. ఆ పని ఎప్పటికవుతుందో నా చేతుల్లో లేదు కాబట్టి, ఈ కార్తీకానికి పెద్దబండి లేదనే అనుకోండి.

ఇక ఏ కారుకు ఏ బండి అన్నది. మీ కారు మాన్యువల్‌లో లాగే బరువు రాసి ఉంటే అదే ఆఖరి మాట. ట్రైలర్ లాగొద్దని రాసి ఉన్న కార్లూ ఉన్నాయి. అవి తెస్తే బండి తగిలించం, ఎంత తెలిసినవాళ్ళైనా సరే. బ్రిటన్‌లో క్యారవాన్ క్లబ్బులు కొత్తవాళ్ళకు చెప్పే లెక్క ఒకటుంది: నిండు బండి బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదు. పెద్దబండికి ఆ లెక్కన 1,180 కిలోల కారు చాలు. మాస్టారి కారు దానికి కూడా కాస్త తక్కువే. నేను మాత్రం ఘాట్ దిగేవాళ్ళకు 60 శాతం అంటున్నాను. అది నా సొంత లెక్క, పుస్తకంలోది కాదు. ఆ లెక్కన పెద్దబండికి దాదాపు 1,670 కిలోల కారుండాలి.

"మా కారు ఇంజిన్ బలమైనదండీ, సునాయాసంగా లాగేస్తుంది" అంటారు. లాగడం నాకూ తెలుసు. దిగేటప్పుడు లాగే పనేముంది? వెనక ఉన్నది ముందుకు నెడుతుంది. నెట్టేదాని కంటే నెట్టించుకునేది బాగా బరువుండాలి. పైగా 40లో ఉన్న బండి 60కి వస్తే దాన్ని ఆపడానికి రెండింతలకు పైగా శక్తి ఖర్చవుతుంది. అదంతా బ్రేకుల్లో వేడిగానే పోవాలి. ఎక్కిన గేరులోనే దిగమని లారీవాళ్ళు చెప్పేది ఇందుకే. ఇక ఎక్కడమంటారా, 1,672 మీటర్ల దేవమాలి వైపు వెళ్తుంటే గాలి పలచబడుతుంది. టర్బో లేని పెట్రోలు ఇంజిను వెయ్యి మీటర్లకు పదో వంతు బలం పోగొట్టుకుంటుంది. అది మీకే తెలుస్తుంది, రెండో గేరులో చెమటలు పడతాయి అంతే.

నడిపిబండికి ఇప్పటిదాకా సొంత బ్రేకు లేదు. నిండు బరువు 750. బ్రిటన్‌లోనైతే బ్రేకు లేని ట్రైలర్ 750 కిలోలు దాటకూడదు, కారు బరువులో సగమూ దాటకూడదు. ఆ సగం లెక్కన 1,500 కిలోల కారుండాలి. మేం దాన్ని చిన్న కార్లకు కూడా ఇచ్చాం. ఇచ్చినన్నాళ్ళూ ఏమీ కాలేదు కాబట్టి సరిగ్గానే ఉందనుకున్నాం. ఇప్పుడు పెద్దబండికి ఉన్నట్టే ఓవర్‌రన్ బ్రేకు బిగిస్తున్నాం. కారు ఆగుతుంటే బండి ముందుకు నెడుతుంది కదా, ఆ నెట్టుడుకే కేబుల్ లాగి బండి చక్రాలకు బ్రేకు పడుతుంది. అది పూర్తయ్యాకే నడిపిబండి కూడా.

మిగిలింది పిల్లబండి. ఖాళీగా 430, నిండుగా 550 దాటనివ్వం. దానికీ బ్రేకు లేదు కాబట్టి కారు ఆర్‌సీలో 1,100 ఉండాలి. చిన్న హ్యాచ్‌బ్యాక్ కార్లు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. ఆ కుటుంబాలకు క్షమాపణలు. ఆరేడు బుకింగులు ఇలా వదులుకున్నాను, బాధగానే ఉంది.

పెద్దబండికి, నడిపిబండికి అడ్వాన్సు ఇచ్చినవాళ్ళందరికీ మొత్తం తిరిగి ఇస్తున్నాం. పండగ తర్వాత సర్దుదాంలే అనుకోవద్దు, అడిగి తీసుకోండి. మాస్టారికి అద్దె తిరిగిచ్చేసి, కారు కొక్కెం బోల్టులు మా ఖర్చుతో విప్పి చూపించాం. బాగానే ఉన్నాయి.

పిల్లబండి బుక్ చేసినవాళ్ళు ముందు ఆర్‌సీ ఫోటో పంపండి. బయల్దేరే రోజు సామాను మొత్తం ఎక్కించాక కాటాకు వెళ్దాం, డబ్బులు మావే. బరువైనవి ఇరుసు మీద, కింద. తేలికవి మాత్రమే పైన, చివర్లో. నీళ్ళు ఇక్కడ నింపకండి, దిగిన చోట పట్టుకోవచ్చు. స్లిప్పు మీకొకటి, నాకొకటి. ఒకటి నుంచి రెండున్నర మధ్యలో మాత్రం రావద్దు. కాటా అబ్బాయి భోజనానికి వెళ్తాడు, ఎంత పిలిచినా రాడు.